సప్పుడు చెయ్యని మొగుడు

శనివారం సాయంత్రం తీతు కుట్టుమిషను నూనె డబ్బా పట్టుకుని పెరటి తలుపు బందులకి నూనె వేస్తుంటే, స్వర్ణకుమారి పాపని భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆ తలుపు కీచుమంటూనే ఉంది. రైల్వే వర్క్‌షాపులో పొద్దస్తమానం వ్యాగన్లకి సేవ చేసే మనిషి, ఇంటి తలుపు మాటెత్తితే మాత్రం "రేపు" అనేవాడు.

"ఏటయ్యా, ఒంట్లో బాగుందా?"

"తలుపు అరిస్తే పాప లెగిసిపోద్ది గదే. రేపు మద్దేన్నం పాపని నేను సూసుకుంటానని మాటిచ్చినాను గదా!"

మాటిచ్చిన సంగతి నిజమే. పాప పేరు సూసన్న. ఇంకా ఏడాది నిండలేదు. వానాకాలంలో జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చిన దగ్గర్నుంచీ స్వర్ణకుమారికి నిద్రన్నది లేదు. కళ్ళు మూసినా చెవులు మూతపడవు. పాప ఊపిరి వినిపిస్తోందా అని ఒక చెవి, వినిపించకపోతే ఎలాగని ఇంకో చెవి. ఆమధ్య ఒకరోజు పప్పులో ఉప్పనుకుని పంచదార వేసి, అది తిని తీతు "బాగుందే" అంటే, కూర్చుని ఏడ్చేసింది. "ఒక్క ఆదివారం మద్దేన్నం పాపని నువ్వు సూసుకోయ్యా, ఒక్క నిద్ర పోతాను" అని అడిగితే తీతుకి కూడా కళ్ళు చెమర్చాయి. ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్న తరవాత వచ్చింది కొత్త ఆటల క్యాసెట్టు.

తీతు స్నేహితుడు లూకా పక్క పేట ఝపటాపూర్‌లో ఉంటాడు. టీవీకి తగిలించుకునే వీడియో గేము పెట్టె ఒకటి కలకత్తాలో కొనుక్కొచ్చాడు. పోయిన వారం ఆ పెట్టె న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో వీళ్ళ క్వార్టర్లోనే కాపురం పెట్టింది. ఆ క్యాసెట్టు ఆటలో ఒక దొంగ. దీపాలు ఆర్పుకుంటూ, పీపాల్లో దూరుతూ, కోట కాపలావాళ్ళ కళ్ళు కప్పి ఖజానా దాకా పోవాలి. స్వర్ణకుమారి పాపకి ఉగ్గు పెడుతూ చూసింది.

"ఆ కాపలావోడు పక్కకి సూడడేటి?"

"సూడడు. ఎదరే సూత్తాడు. అది రూలు."

"ఇందాకటిదాకా లేని పీపా నడుసుకుంటా ఆడి కాలికాడికొచ్చింది. అనుమానం రాదా?"

"ఆగిపోయింది గదే! ఆగితే పీపాయే."

"ఏటా ఉజ్జోగం! ఆడి బాబు డ్యూటీలో పోతే ఇచ్చినారేటి?"

అంతలో దొంగ దొరికిపోయాడు. కాపలావాడు ఈల వేశాడు, అటూ ఇటూ గంతులేశాడు, చిటికెలో అంతా మర్చిపోయి మళ్ళీ గోడ చూసుకుంటూ నడిచాడు.

"మరిసిపోనాడా! నేనైతే నా మనవలక్కూడా సెప్పుకుంటాను."

"అన్నీ నిజంగా జరిగినట్టే ఉంటే ఆట ఎవుడాడతాడే? మొదటి గేటుకాడే అయిపోద్ది. ఆడేవోడికి కాస్త దారివ్వాలి."

"దొంగకి దారివ్వడానికా కాపలా ఎట్టింది?"

లూకా వచ్చి పెట్టె పట్టుకుపోయాడు గానీ, ఆటలోని రూళ్ళు మాత్రం తీతు బుర్రలో క్వార్టరు అలాట్ చేయించుకుని ఉండిపోయాయి.

ఆదివారం చర్చి మెట్ల మీద లూకా తీతు చెవిలో ఊదాడు. "మద్దేన్నం ఒచ్చేయ్. రెండో కోట" అన్న ముక్క, మూతపడని చెవులు గనక, స్వర్ణకుమారికీ అందింది. నూనె ఎందుకో అప్పుడర్థమైంది. ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. తిన్నగా ఇంటికొచ్చి, గోడవతల పక్కింటి జోగమ్మని పిలిచింది.

"పిన్నీ, మా ఆయనొచ్చి రేడియో ఆపమంటే ఆపేసీ. ఎందుకని అడక్కు."

"అడగను. సూత్తాను."

భోజనాలయ్యాయి. పాపని మధ్యలో వేసుకుని స్వర్ణకుమారి చాప మీద ఒరిగింది. కిటికీకి కట్టిన నీలం చీరలోంచి ఎండ వడగట్టుకుని, నీళ్ళలో పడ్డట్టు గోడ మీద కదులుతోంది. యార్డులో షంటింగు. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, ఆ ఢాంఢాంలు వరసగా దూరమైపోతున్నాయి. పైన ఫ్యాను టకటకలు, గోడవతల రేడియోలో బెంగాలీ పాట, కుళాయి చుక్కలు. ఇల్లు నేల మీద లేనట్టుంది. కొద్దిగా పైకి లేచి, ఎటో తేలిపోతున్నట్టుంది. ఈ మనిషి వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుణ్ణు, అనుకుంటూ కళ్ళు మూసుకుంది.

దొంగ బయల్దేరాడు.

ముందు కుళాయి కింద గుడ్డ పెట్టాడు. చుక్కలు ఆగాయి. గోడ దగ్గరికెళ్ళి, "పిన్నీ, పాప పడుకుంది, కూసింత రేడియో" అన్నాడు. పాట ఆగింది. మునివేళ్ళ మీద తిరిగొచ్చి ఫ్యాను కట్టేశాడు. స్వర్ణకుమారి పక్కకి ఒత్తిగిల్లి ఓరగా చూసింది. ఒంటికాలి మీద, చేతికో చెప్పుతో, ఊపిరి బిగబట్టి నిలబడున్నాడు కట్టుకున్నవాడు. ఇద్దరి కళ్ళూ దాదాపు కలిశాయి. అయినా కదల్లేదు. ఆగితే పీపాయే కదా! ఆవిడ కళ్ళు మూసుకుంది. రూలు ప్రకారం కనబడలేదు.

నూనె తాగిన తలుపు కిమ్మనకుండా తెరుచుకుంది.

పెరట్లో జోగమ్మ గోడ మీద గడ్డం ఆనించి నిలబడుంది. చూస్తానని చెప్పిన మనిషాయె. తీతు గతుక్కుమని, చేతికందిన కోళ్ళ గంప ఎత్తి నెత్తిన బోర్లించుకుని కూలబడ్డాడు. ఆటలో పీపాలు ఖాళీగా ఉంటాయి. న్యూ సెటిల్‌మెంట్‌లో ఖాళీ గంపంటూ లేదు. పొదగేసిన పెట్ట తన గుడ్ల మీదికొచ్చిన మొగాణ్ణి ముక్కూ మొహం చూడకుండా పొడిచింది. గంప లేచింది, పడింది, పెరడంతా చుట్టబెట్టింది.

"ఒరే తీతూ, గంపకి లాగూ ఎవుడు కుట్టినాడ్రా?" అని జోగమ్మ పకపకా నవ్వింది.

లోపల పాప కదల్లేదు.

గంపలోంచి తల బయటపెట్టి తీతు "ష్‌ష్‌!" అన్నాడు. జోగమ్మ నవ్వాపింది. కోడి కూడా ఆగింది. యార్డులో డ్రైవరు టీకి దిగాడో ఏమో, షంటింగూ ఆగింది. కాలనీ మొత్తం మీద ఈగ వాలినా వినిపించేంత నిశ్శబ్దం పడింది.

పాప గొల్లుమంది.

ఆటలో లేని రూలు అదే. అక్కడ చప్పుడైతే కాపలావాళ్ళు లేస్తారు. ఇక్కడ పట్టాల పక్కన పుట్టిన పిల్లకి చప్పుడే జోలపాట. బంద్ రోజున రైలుబళ్ళు ఆగిపోతే సగం కాలనీ నిద్రపట్టక వీధిలో తిరుగుతుంది. ఇంక పాపెంత! ఆ సంగతి స్వర్ణకుమారికి ముందే తెలుసు.

తీతు జుట్టులో ఈకలతో లోపలికి పరిగెత్తి పాపనెత్తుకున్నాడు. ఫ్యాను స్విచ్చి వేశాడు. కరెంటు పోయింది. కిటికీలోంచి "పిన్నీ, రేడియో!" అని మొత్తుకున్నాడు.

"ఆపమన్నావు గదా బాబూ. మూట కట్టీసినాను," అంది జోగమ్మ.

పాప ఆపట్లేదు. కళ్ళు తెరవకుండానే స్వర్ణకుమారి అంది, "గూడ్సు బండి అయిపో అయ్యా."

"నువ్వు పడుకోనేదా! ఎప్పట్నించి సూత్తన్నావే?"

"కుట్టుమిషను నూనె కాడ్నించి."

తీతు తల దించుకున్నాడు. ఆ తరవాత బయల్దేరాడు. "ఛుక్‌ ఛుక్‌... ఢాం ఢాం... కూ..." అంటూ పాపని గుండెకి అదుముకుని గది చుట్టూ తిరుగుతున్నాడు. పాప రెప్పలు వాలాయి. వాలాయి కదా అని ఆగితే, తెరుచుకున్నాయి. మళ్ళీ బండి కదిలింది. వీధిలో లూకా సైకిలు బెల్లు మోగింది.

"తీతూ, వస్తన్నావేట్రా?"

బండి గట్టిగా ఒక కూత కూసింది. లూకా ఆ కూతకి అర్థమేమిటో తేల్చుకోలేక, బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ చప్పుడు ఉన్నంతసేపూ పాప ఉంది, ఆయనా ఉన్నాడు. తను వినక్కర్లేదు. ఆ సంగతి తెలిశాక స్వర్ణకుమారి చెవులు, ముందు ఒకటి, తరవాత రెండోది, మెల్లగా మూతపడ్డాయి. నీలం ఎండలో చాప రైల్లా కదిలింది. కిటికీ పక్క సీటు, వెనక్కి పోతున్న చెరువులు, టిక్కెట్టడగని టీటీ.

సాయంత్రం కావస్తుండగా నిద్దట్లోనే అడిగింది, "ఏ స్టేషనొచ్చిందీ?"

"ఏదీ రానేదే. ఇంకా సేనా దూరం. పడుకో," అన్నాడు తీతు బొంగురుపోయిన గొంతుతో. ఆ మాట అనడానికి ఆగినందుకు పాప ఒక కన్ను తెరిచింది. కంగారుగా మళ్ళీ కూతేసి, బండి గది మూల మలుపు తిరిగింది.