ఏనుగు నడకకు పర్మిట్

పసిపిల్లలు స్వేచ్ఛగా గెంతాలంటే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలన్న మహత్తర సత్యం 2003లో గాజువాకలో వెలుగు చూసింది. కనిపెట్టినవాడు గవర్రాజు. ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ సూపర్‌వైజర్. పర్మిట్ కాగితం లేనిదే నట్టు కూడా తిప్పనివ్వడు. (ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చాలన్నా ముందు భార్య ఇంద్రజ సంతకం పెట్టాల్సిందే.)

కూతురు శ్రీసత్య చదివే ఎల్‌కేజీలో ఆ ఏడు 'సృజనాత్మక కదలిక' అనే క్లాసు పెట్టారు. క్యాసెట్టు వేస్తే పిల్లలు వానలా, గాలిలా, జంతువుల్లా ఆడాలి. అందులో పాసవకపోతే యూకేజీ లేదు. మొదటి వారమే రెండు సీతాకోకచిలుకలు ఢీకొని ఒకదానికి పన్ను ఊడింది. హెడ్‌మిస్ట్రెస్ జ్యోతిర్మయి హడలిపోయి గవర్రాజుని పిలిపించింది.

"మీరు సేఫ్టీ ఆఫీసరు కదండీ, ఓ పద్ధతి పెట్టండి."

సూపర్‌వైజర్ని ఆఫీసరన్నందుకు గవర్రాజు మర్నాటికే పద్దెనిమిది నిబంధనలు రాసిచ్చాడు. గెంతు తొమ్మిది అంగుళాలు మించరాదు. గిరగిరా తిరగడం రెండు చుట్లే. సీతాకోకచిలుకల మధ్య మూడడుగుల ఎడం. ప్రతి ఆటకూ తండ్రి సంతకంతో పర్మిట్. పదిహేడో నిబంధన ప్రకారం, మొదలెట్టిన ఆట పూర్తికానిదే పర్మిట్ మూయరాదు. పిల్ల మధ్యలో ఆపితే సంతకం పెట్టినవారే పూర్తిచేయాలి. (ఇది రాసి తన భుజం తానే తట్టుకున్నాడు.)

ఢీకొనడం ఆగిపోయింది. ఆడటం కూడా దాదాపు ఆగిపోయింది గానీ, అది రాయడానికి ఫారంలో గడి లేదు.

మార్చిలో పరీక్ష. శ్రీసత్యకు ఏనుగు నడక వచ్చింది. నాలుగడుగులు వేసి గచ్చు మీద వాలిపోయింది.

"ఏటమ్మా, పడిపోనావా?" ఆయా పోతమ్మ పరిగెత్తింది.

"ఏనుగు తొంగుంది," అంది శ్రీసత్య కళ్లు తెరవకుండా.

ఫోన్ అందుకుని గవర్రాజు ఫ్యాక్టరీ హెల్మెట్‌తోనే వచ్చేశాడు.

"ఆట పూర్తవలేదు, పర్మిట్ ఇంకా తెరిచే ఉందండీ. ఇలాగైతే యూకేజీకి పంపలేను," అంది జ్యోతిర్మయి.

"సిన్నపిల్ల కద మేడమ్! నిద్దరొచ్చుంటాది."

"పదిహేడు చూడండి. మీ రాతే."

చూశాడు. తప్పించుకోవడానికి చీమంత సందు లేదు. ఎంత బాగా రాశానో అనుకుని ఏడవబోయాడు. ఆపైన నడుం వంచి, కుడిచెయ్యి తొండంలా వేలాడదీసి హాల్లో బయల్దేరాడు. హెల్మెట్ ముక్కు మీదికి జారింది.

"ఏనుగేటి బాబూ! బురదలో దిగడిపోన గేదెలాగున్నారు," అంది పోతమ్మ.

గోడ దాకా నడిచాడు. జ్యోతిర్మయి టైము వేసి పర్మిట్ మూసింది.

అప్పుడు లేచింది శ్రీసత్య. పకపకా నవ్వుతూ తండ్రి చొక్కా పట్టుకుని చిందులేసింది. ఏడు చుట్లు తిరిగింది. గెంతు అడుగున్నర దాటింది. చూస్తున్న పిల్లలంతా మధ్యలోకి దూకారు.

"నాన్నా, మల్లీ సెయ్యి!"

గవర్రాజు చేయబోయాడు.

"ఆగండి! పర్మిట్ మూశాక పాప ఆడింది కదండీ," అంది జ్యోతిర్మయి. "ఘటన రిపోర్టు రాసిచ్చెయ్యండి, యూకేజీ సీటు ఖాయం."

గవర్రాజు పెన్ను తీశాడు. ఘటన: అనుమతి లేని నాట్యం. కారణం: తండ్రి నవ్వించాడు. మళ్లీ జరగకుండా తీసుకునే చర్య అన్న గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, 'ఇకపై నవ్వించను' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు.