పది అడుగుల చౌకీ

ఆ రోజుల్లో హైదరాబాదులో వారం సెలవు శుక్రవారమే కాబట్టి ప్రకాశం ఆ పొద్దున రెండే పనులు పెట్టుకున్నాడు. ఒకటి పరీక్ష కాగితాలు దిద్దడం, రెండోది ఉన్న గదిని దక్కించుకోవడం. అతను కాలేజీలో లెక్కల మాస్టరు. ఉప్పుగూడలో షౌకత్ బీ ఇంటి ముందుగదిలో తొమ్మిదేళ్లుగా పుస్తకాలతో ఒంటరిగా, హాయిగా ఉన్నాడు. ఇప్పుడు ఆమె కూతురు సలీమాకు పెళ్లి కుదిరింది. అల్లుడు అత్తగారింట్లోనే ఉంటాడట, అతనికి ఆ గది కావాలట.

కాగితాల పని చకచకా సాగింది. దీర్ఘవృత్తం సమీకరణంలో ఎక్స్ వర్గం కింద సగం పొడుగును వర్గం చేసి రాయాలి. పిల్లలేమో మొత్తం పొడుగునే వర్గం చేసి పారేశారు. ప్రకాశం పద్దెనిమిది సున్నాలు చుట్టి, సగమేదో మొత్తమేదో తెలియనివాడు జన్మలో బాగుపడడని ప్రతి కాగితం మీదా ఎర్రసిరాతో రాశాడు. అలా రాస్తే అతనికి మనసు తేలికవుతుంది.

సిరా ఆరకముందే షౌకత్ బీ ఏడుపు మొహంతో వచ్చింది. పెళ్లివిందులో పొట్టి బల్ల వేసి, దాని చుట్టూ నేల మీద కూర్చుని తింటారు. ఆ బల్లే చౌకీ. నిశ్చితార్థం నాడు పెళ్లికొడుకు మామ సిరాజుద్దీన్, పెళ్లికూతురు బాబాయి మహబూబ్ ఇద్దరూ చౌకీకి తల దగ్గరే కూర్చున్నారు. ఒకరు లేస్తే కదా ఇంకొకరికి గౌరవం! ఇద్దరూ లేవలేదు, బిర్యానీ చల్లారింది. ఈసారి తలచోటు దక్కకపోతే నిఖా కాకముందే లేచిపోతామని చెరొక కబురు పంపారు.

ప్రకాశానికి దారి దొరికింది.

"బీ అమ్మా, కోడిగుడ్డు తీరు చౌకీ చేపియ్యుండ్రి. దానికి మూల లేదు, తల లేదు. లోపల నడిమికి అటొకటి ఇటొకటి రెండు నాభులుంటయి, రెండూ సమానం. ఇద్దరు పెద్దమనుషులను చెరొక నాభి దిక్కు కూసోబెట్టుండ్రి. అంగుళం తేడ ఉంటె నన్నడుగుండ్రి."

"వాళ్లు లొల్లి లేకుంట తింటె రూం నీదే, మాస్టర్ సాబ్. అల్లునికి మిద్దె మీద ఇంకోటి కట్టిస్త" అంది షౌకత్ బీ.

పొడుగు పది అడుగులు, వెడల్పు ఆరు అని వడ్రంగి మైసయ్యకు చెప్పి, ఇంట్లో ఉన్న చెక్క ఏదైనా వాడుకోమని, ఆమె కూతురిని తీసుకుని పురానాపూల్‌లోని చెల్లెలింటికి వెళ్లిపోయింది. అక్కడి నుంచయితే పత్తర్‌గట్టిలో బట్టలు, గాజులు కొనడం సులువు.

మైసయ్యకు సమీకరణంతో పని లేదు. లోపలి వాకిట్లో నేల మీద రెండు మొలలు కొట్టి, వాటికి తాడు రెండు కొసలూ కట్టి, సుద్దముక్కతో తాడును బిగలాగి గీసుకుంటూ పోతే కోడిగుడ్డు అదే వస్తుందన్నాడు. మొలల మధ్య ఎంత దూరం, తాడు ఎంత పొడుగు, అంతే కావాలన్నాడు. ప్రకాశం పలక తీశాడు. పది వర్గం వంద, ఆరు వర్గం ముప్పై ఆరు, తీసేస్తే అరవై నాలుగు, దాని మూలం ఎనిమిది. రెండు వైపులా కలిపి మొలల మధ్య పదహారడుగులు, తాడు ఇరవై అడుగులు అని దర్జాగా ప్రకటించాడు.

"పది అడుగుల చౌకీకి ఇరవై అడుగుల తాడెందుకు సారూ?"

"నువ్వు ఏ జమాత్ దాంక చదివినవ్, మైసయ్యా?"

మైసయ్య చదవలేదు. కానీ ముప్పై ఏళ్లుగా ఉలి పట్టాడు, రోషం బాగానే ఉంది. ఇక ఈ చౌకీ సంగతిలో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ప్రకాశం పరీక్షల డ్యూటీ మీద వరంగల్ రైలెక్కాడు.

పెళ్లినాటి పొద్దున షౌకత్ బీ, ప్రకాశం ఒకేసారి గుమ్మం ముందు దిగారు. దర్వాజా జానెడే తెరుచుకుంది. సందులోంచి చూస్తే లోపల వాకిలి లేదు, అంతా చౌకీయే. ఇరవై అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల వెడల్పు. దాని కొన దర్వాజాకు ఆనుకుని ఉంది. ప్రకాశం పుస్తకాల బీరువా, మంచం కూడా అందులో కలిసిపోయాయి.

"మీరు చెప్పినట్టె చేసిన సారూ" అని లోపలి నుంచి మైసయ్య గొంతు వినిపించింది. "ఊగొద్దని కాళ్లు భూమిల పాతిన. రెండొద్దుల సంది నేను ఎనక గోడ దుంకి పోతున్న."

ప్రకాశం వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. అతని మొహం పాలిపోయింది. "సగం" అన్నాడు.

దర్వాజా రెక్కలు ఊడదీసినా లాభం లేదు. చౌకీ ఎక్కి దాటాలి. అన్నం పెట్టేచోట కాలు పెట్టేవాడు ఆ గల్లీలో ఎవడూ పుట్టలేదు. అప్పటికే బిర్యానీ దేగీలు వచ్చాయి, సిరాజుద్దీన్ వచ్చాడు, మహబూబ్ వచ్చాడు. గుండ్రటి అంచు వదిలేసిన వాకిలి మూలలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అందులో ఒక మూలలోకే ప్రకాశం గది తలుపు తెరుచుకుంటుంది. ఆ గదికీ గల్లీకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. మైసయ్య మళ్లీ వెనక గోడ దూకి, గడ్డపారతో ముందుకొచ్చాడు.

"ఎంత పగులగొట్టాలె సారూ? సగమా, మొత్తమా?"

ప్రకాశం సిగ్గుతో తల దించుకుని, నీ ఇష్టమన్నాడు. పెళ్లివారంతా ఆ కంతలోంచి, అతని గదిగుండానే లోపలికి వచ్చారు.

విందు మాత్రం అద్భుతంగా జరిగింది. వచ్చిన మగవాళ్లంతా ఒకే చౌకీకి సరిపోయారు. సిరాజుద్దీన్ ఈ కొస పక్క మూలన, మహబూబ్ ఆ కొస పక్క మూలన కూర్చున్నారు. తనే పెద్దనని సిరాజుద్దీన్ గట్టిగానే చెప్పాడు. పెళ్లి సందడిలో అంత దూరం వినబడక మహబూబ్ మర్యాదకు తలాడించాడు. మహబూబ్ అదే మాట అన్నప్పుడు సిరాజుద్దీన్ కూడా అలాగే తలాడించాడు. అవతలివాడు చివరికి దారికొచ్చాడని ఇద్దరూ రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

షౌకత్ బీ మాట తప్పలేదు. "రూం నీదే, మాస్టర్ సాబ్. చౌకీ తీసేది లేదు, దర్వాజా తెరిసేది లేదు. ఇంక అందరం నీ రూంలకెళ్లే వస్తం, పోతం. అల్లుడు తొవ్వల పండుకుంటడా చెప్పు?" అంది.

పెళ్లయిన తర్వాతి శనివారం కాలేజీలో కాగితాలు పంచేటప్పటికి ఆ పద్దెనిమిది సున్నాలకూ సగం మార్కులు పడ్డాయి.