ఎండ సమంగ ఉండాలె

పంతొమ్మిది వందల ఎనభై ఏడు శివరాత్రి మర్నాడు కైలాసం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఇంజనీరు వెంకటేశ్వర్‌రావు గారింటికి వెళ్లి తన బదిలీ దరఖాస్తు మీద సంతకం పెట్టించుకోవాలి. నాలుగు గంటల బస్సుకు ధర్మపురి వెళ్లి భార్యకు ఆ సంగతి చెప్పాలి. ఆమె అక్కడ బడిలో టీచరు, ఇతను నిర్మల్‌లో గుమాస్తా. నాలుగేళ్లుగా వాళ్ల కాపురం ఆదివారాలకే పరిమితం. మూడేళ్ల కూతురు మొన్న తండ్రిని గడపలో చూసి "అమ్మా, ఆదివారం వచ్చిండు" అంది. అందరూ నవ్వారు. కైలాసానికి మాత్రం ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు.

ఇంజనీరు గారి వాకిట్లో జీపు సిద్ధంగా ఉంది. ఆయన భార్య జానకీబాయి కూతురి కాన్పుకని నెల రోజులు ఉండివచ్చేట్టు నాగ్‌పూర్ బయల్దేరుతోంది. చేతిలో ఓ కుండీ, కుండీలో దళసరి ఆకుల చిన్న మొక్క. ఆకుల మీద తెల్లచారలు లేకపోతే అచ్చం కలబంద పిల్లలా ఉండేది. పువ్వు పూస్తుందన్న ఆశతో నాలుగేళ్లుగా పెంచుతోంది, అది పూయలేదు. దాన్ని ఎవరికి అప్పగించాలా అని చూస్తుంటే కైలాసం కనిపించాడు. సంతకం కోసం వచ్చినవాడి చేతిలో కుండీ పెట్టడం పెద్దింటివాళ్లకే చెల్లుతుంది.

నీళ్ల గురించి ఫికర్ లేదని, ఎండ గురించే భయమని ఆమె చెప్పింది. ఎక్కువైతే ఎర్రబడుతుందట, తక్కువైతే పాలిపోయి సాగుతుందట.

"సమంగ ఉండాలె, కైలాసం."

"సమం అంటే ఎన్ని గంటలు, అమ్మగారూ?"

"మొక్కనే చెప్తది" అని జీపెక్కింది. దరఖాస్తు మాటెత్తితే ఇంజనీరు గారు, మేడం వాపస్ వచ్చి మొక్కను చూసుకున్నాక తీరిగ్గా చూద్దామన్నారు. అంటే కైలాసం కాపురం ఇప్పుడు ఆ కుండీలో ఉందన్నమాట.

పదేళ్ల నౌకరీలో మౌఖిక ఆదేశం మీద ఏ పనీ చేయని మనిషి అతను. ఇంటికి రాగానే ఓ రిజిస్టరుకు గీతలు కొట్టి తేదీ, ఎండ, నీడ, మొక్క అభిప్రాయం అని నాలుగు గళ్లు వేశాడు. కుండీని పెరట్లో పెట్టాడు. మూడో నాటికి మొక్క కాల్చిన ఇటుక రంగుకొచ్చింది. దాన్ని తల్లి భూమవ్వ మంచం కిందికి తోశాడు. వారం తర్వాత తీసి చూస్తే, జ్వరం పడి లేచినదానిలా పాలిపోయి ఓ పక్కకు వాలింది. అభిప్రాయం గడిలో ఏం రాయాలో అతనికి తోచలేదు.

ఆఫీసు అటెండరు హనుమండ్లుకు తెలియని విద్య లేదు. అతని సలహా మీద ముందు కరెంటు బల్బు వేలాడదీశాడు. అది వెలిగినంతసేపు బాగానే ఉంది, కానీ నిర్మల్‌లో కరెంటుకు నిలకడ ఎక్కడిది? అప్పుడు హనుమండ్లు అద్దం సంగతి చెప్పాడు. కుండీ నీడలోనే ఉండాలి, ఎండను మాత్రం అద్దంతో కొంచెం కొంచెం దాని మీదికి మళ్లించాలి. కైలాసం బీరువా అద్దం ఊడదీసి పెరట్లో నిలబెట్టి, అటు వంచీ ఇటు వంచీ వెలుతురు కోసం తంటాలు పడ్డాడు.

ఆ వెలుతురు కుండీ మీద తప్ప అన్నిచోట్లా పడింది. పక్కింటి మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్న కొమురవ్వ మొహం మీద పడింది. ఆమె ఎడమకు జరిగింది. సరిగ్గా అప్పుడే ఇతను అద్దాన్ని ఎడమకు తిప్పాడు. కుడికి జరిగింది. ఇతనూ కుడికి తిప్పాడు. ఐదు నిమిషాల్లో ఆమె భర్త నాగయ్య కట్టె పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"పెండ్లాం ఊర్ల లేకపోతె పక్కింటోళ్ల మీద అద్దం కొడ్తవా సారూ?"

"మొక్కకు కొడ్తున్న, అన్నా."

యాభై ఏళ్ల నాగయ్య ఇంతటి సాకు ఎన్నడూ వినలేదు. కట్టె ఎత్తాడు. కైలాసం రిజిస్టరు తెచ్చి గళ్లన్నీ చూపిస్తే, కోపం పోయి జాలి పుట్టినట్టుంది, భూమవ్వను పక్కకు పిలిచి కొడుకును ఓసారి వేములవాడకు తీసుకుపొమ్మని, రాజన్న దయ ఉంటే నయమవుతుందని చెప్పిపోయాడు.

కొడుకు మొక్కతో మాట్లాడటం భూమవ్వ ఎప్పట్నుంచో గమనిస్తూనే ఉంది. ఇప్పుడు వాడకట్టంతా నవ్వుతోంది. ఇది దిష్టి కాక మరేమిటి? మర్నాడు కొడుకు ఆఫీసుకు పోగానే కుండీలోని మొక్కను వేళ్లతో సహా పీకి, ఎర్రగుడ్డ చుట్టి, రెండు నిమ్మకాయలు జోడించి, వీధి దర్వాజకు తలకిందులుగా కట్టింది. కలబంద ఉండాల్సింది అక్కడేనని ఆమెకు పుట్టినప్పట్నుంచి తెలుసు. ఖాళీ కుండీ దండగ కాకుండా మెంతులు చల్లింది.

సాయంత్రం కైలాసం గడప ముందు నిలబడి పైకి చూసి అక్కడే కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. విప్పుదామని స్టూలెక్కితే తల్లి కాళ్లు పట్టుకుంది.

"కట్టినదాన్ని ఇప్పితే ఇంటికి అరిష్టం, బిడ్డా. నా మీద ఒట్టు."

తల్లి ఒట్టు ఒకవైపు, పెళ్లాం పిల్ల ఒకవైపు. చివరికి ఊరవతలి గట్టు మీది కలబంద పిల్లనొకటి తవ్వి తెచ్చి, మెంతికూర మధ్యలో నాటి, ఆకుల మీద సున్నంతో చారలు గీశాడు. ఆ గీతలు మాత్రం రిజిస్టరు గీతల్లా చాలా నేరుగా వచ్చాయి.

జానకీబాయి చెప్పిన రోజుకంటే ముందే వచ్చింది. జీపు నేరుగా కైలాసం ఇంటి ముందే ఆగింది. పెరట్లో కుండీని చూసి, ఆకును వేలితో తుడిచి, తెల్లబడ్డ వేలిని చూసుకుంది. బదిలీ పోయిందని కైలాసానికి అర్థమైపోయింది. ఆమె విసవిసా వీధి గుమ్మం దాటుతుంటే కొప్పుకు ఏదో తగిలింది. తలెత్తి చూసింది.

తలకిందులుగా వేలాడుతున్న మొక్క నుంచి ఓ కాడ కిందికి దిగి, మళ్లీ పైకి వంగి, నిండా కాషాయం రంగు పూలతో ఉంది. ఆకులు నవనవలాడుతున్నాయి. దిష్టికి కట్టినదాని వైపు చూడకూడదని కైలాసం రెండు వారాలుగా తల వంచుకునే గుమ్మం దాటుతున్నాడు.

"నాలుగేండ్ల సంది నా చేతుల ఒక్క పువ్వు పూయలే" అంది ఆమె పూలను వేలితో నిమురుతూ. "దొంగల భయానికి నకలుది కింద పెట్టి, అసలుదాన్ని పైన దాచినవా, కైలాసం?"

కైలాసం తలూపాడు. భూమవ్వే వివరం చెప్పింది. పొద్దున జరంత ఎండ తగులుతుందట, తర్వాత చూరు నీడ పడుతుందట, దాని జాగా అదేనట.

సోమవారం ఇంజనీరు గారు దరఖాస్తు చేతికిచ్చారు. కింద సంతకం ఉంది. కైలాసం కళ్లు చెమర్చాయి. ఆదివారం నాన్న ఇక రోజూ నాన్న అవుతాడు. తర్వాత సంతకం పైనున్న వాక్యం చదివాడు. ఇంత శ్రద్ధగల ఉద్యోగిని ఈ కార్యాలయం ఏ పరిస్థితిలోనూ వదులుకోజాలదని రాసి ఉంది.

"నీ అసొంటోన్ని ఎవడు ఇడుస్తడు, కైలాసం?" అని ఆయన ప్రేమగా భుజం తట్టారు.

ఆ సాయంత్రం మేడం పంపిన పదకొండు కుండీలు జీపులో దిగాయి. ఇంటికి ఉన్నవి రెండే దర్వాజలని భూమవ్వ చాలా బెంగపడింది.