రెండో భాగంలో ఓబో

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి అందరూ మూడో అంతస్తులోని స్టూడియోకి చేరాలి. ఒంటిగంటకల్లా ఓబోకీ తీగవాద్యాలకీ కలిపి రాసిన కాన్‌చెర్టో, అంటే మూడు భాగాల పాశ్చాత్య స్వరరచన, ఒకటి రికార్డయిపోవాలి. ఆ తర్వాత గదిలోకి పళ్లపొడి ప్రకటనవాళ్లు దిగుతారు.

రికార్డిస్టుకు మాత్రం గుండెల్లో రాయి పడింది. కిందటి రికార్డింగులో వయొలిన్లు మంచి పట్టులో ఉండగా ఎవరి కుర్చీయో కిర్రుమంది. స్టూడియో డైరెక్టరుగారు పిలిచి, "ఈసారి చీమ చిటుక్కుమన్నా వినిపించిందంటే, నువ్విక బస్టాండు అనౌన్స్‌మెంట్లు రికార్డు చేసుకోవాల్సిందేనయ్యా" అని తేల్చేశారు. పైగా తీగవాద్యాలు వాయించే ఐదుగురిలో మొదటి వయొలిన్ మావగారు, వయోలా సాక్షాత్తూ భార్య. ఉద్యోగం ఊడితే ఇంటికెళ్లి చెప్పుకునే శ్రమ కూడా ఉండదు.

ఓబో వాయించేది మావగారి బావమరిది, రికార్డిస్టుకు బాబాయి వరస. ఓబో అంటే సన్నాయికి వేలువిడిచిన చుట్టం. అది లేకపోతే ఆ కాన్‌చెర్టోయే లేదు. తొమ్మిదిన్నర దాటినా ఆయన జాడ లేదు.

"వాడి పెళ్లికే వాడు ఆలస్యంగా వచ్చాడు" అన్నారు మావగారు.

"ఓ ఫోన్ కొట్టి చూద్దాం నాన్నా. పాపం మావయ్య!" అంది రికార్డిస్టు భార్య.

"ఎక్కడి ఫోను? అన్నీ ఆపించి బీరువాలో పెట్టాడుగా మీ ఆయన!"

ఆ మాటలేవీ రికార్డిస్టు చెవికెక్కలేదు. హెడ్‌ఫోన్లలో ఏదో జుమ్మంటోంది.

"నాకేం వినబడ్డం లేదే అల్లుడూ."

"మైకుకి వినబడుతోంది మావయ్యగారూ!"

ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ ఆపాడు. పాపం, ఏ పాపమూ ఎరగని గోడగడియారాన్ని కూడా తీసి దిండు కింద పెట్టాడు. జుమ్ పోలేదు. మూడంతస్తులూ గబగబా దిగి మీటర్ల గదిలోకి దూరాడు. ఏ స్విచ్చు దేనిదో రాసిన చీటీలు ఎప్పుడో రాలిపోయాయి. స్టూడియోకి ఎలాగూ బ్యాటరీ ఉందన్న ధైర్యంతో వరసపెట్టి అన్నీ దింపేసి, రొప్పుతూ మెట్లెక్కి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"చచ్చింది!" అని గంతేశాడు.

చచ్చింది లిఫ్టు మోటారు. ఆ లిఫ్టులో, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ, ఓబో పెట్టె ఒళ్లో పెట్టుకుని బాబాయిగారున్నారు.

ఆయన గంట నొక్కారు. కరెంటు లేదు. ఫోన్ చేశారు. పైన అన్నీ బీరువాలో నిద్రపోతున్నాయి. కేకలు పెట్టారు. లిఫ్టు గొయ్యికీ స్టూడియోకీ మధ్య గోడలో గాలికోసం ఒక జాలీ ఉన్న మాట నిజమే. కానీ అటువైపు ఐదుగురూ ఒక్కసారిగా తీగలు సవరిస్తుంటే కేకలెవరికి కావాలి? గొంతు బొంగురుపోయి చీకట్లో చతికిలబడ్డారు.

"రెండో భాగం మొదట్లో రెండు నిమిషాలు మనమే వాయించాలి. అది కానిచ్చేద్దాం" అన్నారు మావగారు. "వాడొచ్చాక వాడి ముక్క అతికించుకో."

ఎర్రదీపం వెలిగింది. అది వెలిగాక నోరెత్తకూడదు, ఆగకూడదు, కొంప అంటుకున్నా కదలకూడదు. ఆ స్టూడియోలో అది శాసనం.

జాలీలోంచి తీగల సంగీతం లిఫ్టులోకి దిగింది. "ఓరి వీళ్ల ఇల్లు బంగారం గానూ! నన్నొదిలేసి మొదలెట్టేశారా?" అనుకున్నారు బాబాయిగారు. ఆ క్షణంలో తలుపు దబదబా బాది ఉంటే పది నిమిషాల్లో బయటపడేవారు. కానీ నలభయ్యేళ్ల అలవాటు! ఎక్కడికైనా ఆలస్యంగా వచ్చే ఆ మనిషి, తన వంతుకు మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు. వేళ్లు వాటంతటవే పెట్టె తెరిచాయి. వంతు రాగానే అందుకున్నారు.

పైన మావగారి చేతిలో విల్లు జారబోయి ఆగింది. భార్య కళ్లు గుడ్లగూబవయ్యాయి. ఐదుగురూ గోడకేసి బిత్తరచూపులు చూస్తూనే వాయించారు. ఆపుదామని లేచిన రికార్డిస్టు, మనసొప్పక మళ్లీ కూర్చున్నాడు. తొమ్మిది నిమిషాల తర్వాత ఎర్రదీపం ఆరింది.

"నన్ను బయటికి తియ్యండ్రోయ్!" అని గోడ అరిచింది.

మావగారు లిఫ్టు తలుపు దగ్గరికి పరిగెత్తి, "చివర్లో కాస్త తొందరపడ్డావురా" అన్నారు.

"ఇక్కడ నా ముక్కు నాకే కనిపించడం లేదు బావా! ముందు తలుపు సంగతి చూడు!"

స్విచ్చులన్నీ మళ్లీ ఎత్తి, బాబాయిగారిని బయటికి లాగి, మంచినీళ్లిచ్చి, బతిమాలి, కాన్‌చెర్టో అంతా మైకు ముందు శుభ్రంగా మళ్లీ వాయించారు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా పూర్తయింది. అయితే రికార్డిస్టు ఆ కంగారులో లిఫ్టులోంచి వాయించినది కూడా కలిపి డైరెక్టరుగారికి పంపేశాడు.

మర్నాడు పిలుపొచ్చింది. బస్టాండు ఖాయమనుకుంటూ వెళ్లాడు.

"రెండో భాగానికి శుభ్రంగా ఉన్నది వద్దు. ఇదిగో, ఇది!" అన్నారు డైరెక్టరుగారు, కళ్లు తుడుచుకుంటూ. "ఎవరో ఒంటరిగా చీకట్లో కూచుని మనల్ని పిలుస్తున్నట్టుందయ్యా!"

"పిలిచింది నన్నేనండీ" అనబోయి నాలిక కరుచుకున్నాడు.

"మైకు ఎక్కడ పెట్టావయ్యా?"

"మైకు ఉన్నచోటే ఉందండీ. ఓబోనే కాస్త జరిపాను."

"భేష్! వచ్చే నెల కాన్‌చెర్టో మూడు భాగాలూ ఇలాగే కావాలి."

ఉద్యోగం నిలబడ్డందుకు ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ రికార్డింగు రోజు రానే వచ్చింది. మావగారు స్వయంగా మీటర్ల గదిలో లిఫ్టు స్విచ్చు మీద చెయ్యేసి కాపుగాశారు.

బాబాయిగారు జీవితంలో మొదటిసారి గంట ముందే వచ్చారు, మెట్లెక్కి.