పైపు చివరి మూత

ఆ ఉదయం హెడ్మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి మోటారు వేయడం, డ్రిప్పు పైపుల్లోంచి చుక్కలు పడటం చూడటం, భోజనానికి ఇంటికి రావడం. రిటైరయ్యాక ద్రాక్షతోట పెడతానని పట్టుబట్టి, భార్య వాటాకు వచ్చిన ఎకరం దున్నించి, పందిరికి రాతి స్తంభాలు పాతించి, వారం రోజులుగా ఎవరి సలహా వినకుండా పైపులు పరిచాడు.

మోటారు వేశాడు. ఒక్క చుక్క పడలేదు.

పక్క చేను వైపు చూస్తే టమాటా సాళ్ళు నిగనిగలాడుతూ తడిసి ఉన్నాయి. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. గట్టు మీదికెళ్ళి కేకేశాడు.

"ఏమ్మా, మా పైపుకి కన్నం పెట్టి నీళ్ళు లాగుతున్నావా?"

టమాటాలు కోస్తున్నావిడ నడుం ఎత్తింది. "నా బావి నాకుంది మాస్టారూ. ఒకసారి మీ పల్లం వైపు..."

"నాకు పాఠాలు చెప్పకు!"

ఆ వేడిలోనే బోరు వేసినవాడికి ఫోన్ చేశాడు. "పది రోజులకే ఎండిపోయే బోరు వేస్తావా? వచ్చి నీ కళ్ళతో చూడు!" అతడికి చూపించాలని మోటారు ఆపలేదు.

బోరువాడు లారీతో పల్లపు దారిన వచ్చాడు. మూల తిరగ్గానే లారీ ఇరుసుదాకా బురదలో దిగబడింది. అంతసేపూ తిట్లు పడ్డ పక్క చేనావిడే తన ట్రాక్టరు తెచ్చి తాడు కట్టింది. లారీ కదిలింది, పక్కకు జారింది, వరసగా తొమ్మిది స్తంభాలను పడుకోబెట్టింది.

"ఎండిన బోరుకి ఇంత బురదెక్కడిదండీ?" అన్నాడు బోరువాడు.

ఆయన భోజనానికి రాలేదని అప్పుడే భార్య కారియరు పట్టుకుని వచ్చింది. అందరినీ చూసింది. ఆయన్ని చూసింది.

"ఏమండీ, ఆ జేబులో అంత ఎత్తుగా ఏమిటది?"

మాస్టారు జేబులో చెయ్యి పెట్టాడు. పెద్ద పైపు చివరి మూత. పైపులో చేరిన మట్టి కొట్టుకుపోవాలని పొద్దున తనే ఊడదీసి జేబులో వేసుకున్నాడు, మళ్ళీ బిగించడం మరిచాడు. ఐదు గంటలుగా నీళ్ళన్నీ పల్లంలోకే పోతున్నాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త నయంగా ఉండేది. భూమి చీలితే బాగుండుననుకున్నాడు, కానీ అది అప్పటికే బురదై ఉంది. బోరువాడికి ఏదో గొణిగాడు. పక్క చేనావిడ వైపు మాత్రం తలెత్తలేకపోయాడు. ఆ రోజు అన్నం సయించలేదు. నలభై మంది పిల్లల ముందు "దొంగా" అనిపించుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఆయనకు తెలియనిది కాదు. ఉద్యోగంలో ఉండగా ఒక పిల్లవాణ్ణి ఆ మాటా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే క్షమాపణ వల్లె వేసుకుంటూ వెళ్ళేసరికి, ఆవిడ పార పట్టుకుని పల్లంలోనే నిలబడి ఉంది.

"అమ్మా, నిన్న నేను..."

"ఇటు చూడండి. రాత్రంతా గడిచినా నీళ్ళు ఇంకలేదు. కింద గట్టి పొర ఉంది. నిన్న మీరీ తప్పు చేయకపోతే ఇక్కడ మొక్కలు నాటేసేవారు, మొదటి వానలకే వేళ్ళు కుళ్ళిపోయేవి. పోయిన నెల ఈ మాట చెబుదామనే వచ్చాను, విననిచ్చారా?"

మాస్టారు చేతులు జోడించాడు. "నన్ను క్షమించమ్మా. నిన్ను అనరాని మాటన్నాను."

ఆవిడ పార ఆయన చేతికిచ్చింది. "అది తర్వాత. ముందు నీళ్ళు బయటికి పోయేలా ఇక్కణ్ణుంచి గట్టుదాకా కాలువ తియ్యండి. మూరెడు లోతు."

మాస్టారు తవ్వాడు.