మా కోడలు మందు కనిపెట్టకపోవడమే మంచిది

మందు కనిపెట్టడం ఏం గొప్పండీ? కనిపెట్టకపోవడమే గొప్ప!

నవ్వకండి. డెబ్బై ఎనిమిదేళ్లవాణ్ణి, నలభై ఏడేళ్లు కత్తెర పట్టినవాణ్ణి, ఊరికే అంటానా? మా కోడలు ఇరవై రెండేళ్లుగా మందులు కనిపెట్టే కంపెనీలో కెమిస్టు. ఈ ఇరవై రెండేళ్లలో ఆవిడ చేతి మీదుగా మందుల షాపుకి చేరిన మాత్రలెన్నో తెలుసా? సున్నా. అర మాత్ర కూడా లేదు. ఇంత నిలకడ ఇంకే ఉద్యోగంలో చూస్తాం, మీరే చెప్పండి!

"ఇంతకీ మీ కోడలు ఏం కనిపెట్టిందండీ?" అని ఎదురింటి డ్రాయింగు మాస్టారు ఏడాదికోసారి తప్పకుండా అడుగుతాడు. "ఏది పనికిరాదో కనిపెట్టింది" అంటాను. మళ్లీ ఏడాదిదాకా పలకడు.

ఆవిడ చేసే పనేమిటో మొదట్లో నాకూ తెలిసేది కాదు. ఒకరోజు వంటింటి గట్టు తుడుస్తూ తనే చెప్పింది.

"మీ పనే మామయ్యా, చొక్కా కుట్టడమే. కాకపోతే కొలతలివ్వాల్సినాయన కనపడడు, ట్రయల్‌కి రాడు, బట్ట కంటికి ఆనదు."

"మరెలా కుడతావే తల్లీ?"

"కుట్టి పంపిస్తాం. బిగుతైందని తిరిగొస్తుంది. ఒక కుట్టు విప్పి మళ్లీ పంపిస్తాం. ఈసారి వదులైందంటారు."

ఆ చొక్కాకి షరతులు చూడాలి మీరు! కడుపులో కరగాలి. లివరు కంట పడకూడదు. దారిలో గుండె కనిపిస్తే పలకరించకూడదు. మెదడు గుమ్మం దగ్గర కాపలా ఉంటుందట, వాడి కన్నుగప్పి లోపలికి దూరాలి. ఇలాంటి గిరాకీ నా దగ్గరికొచ్చి ఉంటే షాపు అలాగే వదిలేసి వెనక గుమ్మంలోంచి పారిపోయేవాణ్ణి!

ఆవిడ ఏడేళ్లపాటు వెతికిన మందు దేనికో చెప్పలేదు కదూ? చేతుల వణుకుకి. నా చేతులు వణుకుతాయి. సూదిలో దారం ఎక్కించి ఎనిమిదేళ్లయింది. షాపు మూయించింది ఆ వణుకే.

అయ్యో పాపం అనకండి. మందు రాకపోవడం వల్ల నాకు కలిగిన లాభాలు వినండి ముందు. ఒలికిపోతుందని నాకు కాఫీ సగం కప్పే పోస్తారు, నిద్ర సుఖంగా పడుతుంది. నా చొక్కా బొత్తాలు మా ఆవిడే పెడుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ రోజూ నాకంత దగ్గరగా నిలబడడం ఇప్పుడే! ఇక కూరలో ఉప్పు చల్లమంటారా, నా అంత సమంగా చల్లేవాడు ఈ వీధిలో లేడు. అదే మందు వచ్చి ఉంటే? వీధిలోని ఫ్యాంట్లన్నీ ఈపాటికి నా మిషను మీద ఉండేవి. "కాస్త పొట్టి చేసి పెట్టు తాతా" అని ఒకటే గోల.

అయితే ఈ భాగ్యానికి ఒకసారి పెద్ద గండం వచ్చిపడింది.

వాళ్ల ల్యాబులో పుట్టినదానికి పేరు పెట్టరు, నంబరు వేస్తారు. అలా పుట్టింది 417. అప్పటికి ఆరేళ్లయింది ఈ వణుకు మందు పని మొదలుపెట్టి. మా కోడలు చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చేసింది.

"మామయ్యా! ఎలుకల వణుకు ఆగిపోయింది! మీ సూదీ దారం ఎక్కడున్నాయో వెతికి పెట్టుకోండి!"

"ముందు చెప్పులు విప్పవే, మీ అత్తయ్య చూసిందంటే నీ వణుకు మొదలవుతుంది" అన్నాను.

నేనేమీ వెతకలేదండీ. నాకేం పని? సూదుల డబ్బా దానంతటదే బీరువా మీంచి దిగొచ్చి నా తలగడ పక్కన కూర్చుంది. పద్నాలుగు నెలలు అక్కణ్ణుంచి కదల్లేదు.

పద్నాలుగో నెలలో తేలింది. ఆ మందు నెలల తరబడి రోజూ వేస్తే ఎలుకల లివరు పాడవుతోంది. ప్రాజెక్టు మూసేశారు. పోయింది అనరు వాళ్లు, "పక్కన పెట్టాం" అంటారు. ఎంత మర్యాద!

మూసినరోజు కేకు కోయడం వాళ్ల ల్యాబులో ఆనవాయితీ. దాని మీద పోయినదాని నంబరు రాయిస్తారు. ఆ రోజు మేనేజరు కంగారులో 147 అని రాయించాడట. ఆ 147 అయిదేళ్ల కిందటే నీళ్లలో కరగలేక పోయింది. ఇక చూస్కోండి! పదిమంది కెమిస్టులు 417 కోసం ఏడవడం మానేసి, 147ని అసలు వేణ్ణీళ్లలో వేసి చూశామా లేదా అని గంటసేపు పోట్లాడుకున్నారట.

ఆ వారమే వేరే కంపెనీ నుంచి వచ్చి చేరిన ఒకాయన, నోటినిండా కేకుతో, బోర్డు మీద గీసి ఉన్న 417 బొమ్మ చూశాడు.

"ఇది మేమూ చేశాం మేడమ్. తొమ్మిదేళ్ల కిందట. ఇలాగే లివరు దగ్గర పోయింది."

మా కోడలు చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని అడిగిందట, "మరి ఎక్కడా రాయలేదేం?"

"సీక్రెట్ కదా మేడమ్! ఇప్పుడు కూడా నేను చెప్పలేదు, మీరు వినలేదు" అని ఇంకో ముక్క తీసుకున్నాడట.

ఆహా! ఈ సీక్రెట్ అన్నది ఎంత గొప్ప ఏర్పాటండీ! మనం పడ్డ గోతి మీద శుభ్రంగా ఆకులు కప్పి, వెనక వచ్చేవాళ్లకి దారి ఇవ్వడం. ఎవరి గోతిలో వాళ్లు స్వయంకృషితో పడాలి గానీ, పక్కవాడి తప్పు చూసి బాగుపడితే అదీ ఒక బాగుపడడమేనా? ఏడేళ్లు మా కోడలికి చేతినిండా పని దొరికిందా లేదా? ఎలుకలకి మాత్రం ఇది రెండో విడత అని ఎవరూ చెప్పలేదు, పాపం.

నేను ఇంత తెలివిగా బతకలేదండీ. నా షాపు గుమ్మం పక్కన ఒక మేకు ఉండేది. తప్పు కోసిన ముక్క మీద ఎక్కడ తప్పానో సుద్దతో గీసి, ఆ మేకుకి తగిలించేవాణ్ణి. పని నేర్చుకునేవాళ్లు చూడాలని. ఎదురు షాపు టైలరు, నా బద్ధ విరోధి, వాడూ వచ్చి చూసేవాడు. "ఏం బావా, ఈ వారం ఏం తగలేశావ్?" అని. ఒకరోజు వాడే తను చెడగొట్టిన కోటు భుజం ఒకటి తెచ్చి, మాటా పలుకూ లేకుండా నా మేకుకి తగిలించిపోయాడు. అది చూశాక కోటు భుజం దగ్గర నేను ఎప్పుడూ తప్పలేదు.

కేకు కోసినరోజు సాయంత్రం మా కోడలు నా గదిలోకొచ్చి, తలగడ పక్కనున్న సూదుల డబ్బా కేసి చూస్తూ నిలబడింది.

"సారీ మామయ్యా."

"నీ తప్పేముందే? ఎక్కడ తప్పిందో తెలిసిందా?"

"తెలిసింది. చొక్కా కుడి చేతి చివర చిన్న ముక్క ఒకటి అతికించాం. మెదడులోకి దూర్చింది అదే, లివరు చెడగొట్టింది అదే."

"అయితే మేకుకి తగిలించు" అన్నాను.

మర్నాడు ఒక్క పేజీ రాసింది. 417 ఎందుకు పోయిందో, అంతే. అన్ని ల్యాబులవాళ్లూ చూసేలా అచ్చు వేయిస్తానని కంపెనీని అడిగింది. కాగితం లాయరుగారి బల్ల మీదికి వెళ్లింది. నాలుగు నెలలుగా ఆయన ఆలోచిస్తున్నాడు. ఈవిడ సోమవారం సోమవారం వెళ్లి ఆ బల్ల ముందు నిలబడుతోంది.

"చెబితే మనకేం లాభం మేడమ్?" అంటాడట.

"తొమ్మిదేళ్ల కిందట వాళ్ల లాయరు కూడా ఇదే అడిగుంటాడు సార్" అందట ఈవిడ. ఆ పేజీ బయటికి వెళ్లేదాకా కొత్త నంబరు మొదలుపెట్టనని మేనేజరుకీ చెప్పేసింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. చూశారా మొండితనం! నోరు మూసుకుంటే హాయిగా ఇంకో ఇరవై రెండేళ్లు ఏమీ కనిపెట్టకుండా గడిపేయొచ్చు కదా!

లాయరుగారిని తొందరపెట్టకండి. పెద్ద పని, నిదానంగా ఆలోచించుకోనివ్వండి. ఈలోగా ఎక్కడో ఇంకో ఇంటి కోడలు అదే చొక్కా కత్తిరించడం మొదలుపెట్టే ఉంటుంది. ఆ ఇంట్లోనూ సగం కప్పు కాఫీ తాగే ముసలాయన ఒకడుంటాడు. ఆయన తలగడ పక్కకీ ఏదో ఒక డబ్బా దానంతటదే దిగొచ్చి ఉంటుంది.

ఆ ఇల్లు మీకు తెలిస్తే, ఆ అమ్మాయి చెవిలో ఒక్క మాట వేయండి. కుడి చేతి చివర ఆ చిన్న ముక్క అతికించొద్దని.

ఎవరు చెప్పారని అడుగుతుంది. నేను చెప్పలేదు, మీరు వినలేదు.