రొయ్యల డేగిసాలో పుట్టిన జీవం

భూమ్మీద మొదటి జీవం వేడినీళ్ళలోనే పుట్టిందనీ, ఆ మహత్కార్యాన్ని మా దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో మళ్ళీ జరిపించి తీరతాననీ మా నాయకుడు గవరయ్యగారు జెట్టీ దగ్గర మైకులో ప్రకటించారు. ఫెర్రీ వచ్చేదాకా మాకు వేరే పని లేదు. చప్పట్లు కొట్టాం.

అంతకుముందు ఆయన ఒక ప్రొఫెసర్ ఉపన్యాసం విన్నారు. వేడినీళ్ళు, ఉప్పు, రాళ్ళలోని ఖనిజాలు, కోట్ల ఏళ్ళు కావాలని ప్రొఫెసర్ చెబితే, మొదటి మూడింటికీ గవరయ్యగారు అక్కడికక్కడే ఏర్పాటు చేయించారు. నీళ్ళు కాచడానికి తవిటమ్మ డేగిసా తెప్పించారు. ఒడ్డున రొయ్యలు ఉడకబెట్టి ఎండబెట్టుకునే తవిటమ్మకి అదొక్కటే ఆధారం.

"మరి నా గుడిసి జాగా బాబూ? ఆఫీసరుగారు కాళీ సెయ్యమంతన్నారు."

"పహలే జీవం పుట్టనీ దీదీ. ఫంక్షన్‌కి సాబ్ వస్తారు. నీ పట్టా అక్కడే ఇప్పిస్తా."

పొయ్యి ఆవిడ గుడిసె ముందే పెట్టారు. డేగిసా లేక తవిటమ్మ వంట ఎందులో చేసుకుంటోందని ఎవరూ అడగలేదు.

ప్రొఫెసర్ పరుగున వచ్చాడు. "అయ్యా, నీళ్ళు కాగితే జీవం పుట్టదు. మహా అయితే దానికి కావలసిన అణువులు పుడతాయి. అంటే ఇటుకలు. ఇల్లు కాదు."

"ఇటుకలు దిగాయంటే ఇల్లు శాంక్షన్ అయినట్టే."

"దానికే కోట్ల ఏళ్ళు పడుతుందండీ!"

"ఫంక్షన్ ఆదివారం," అన్నారు గవరయ్యగారు. అంతటి దీక్ష నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆదివారం ఆఫీసరుగారు మూత తీశారు. నీళ్ళ మీద ఒక రొయ్య తేలుతోంది.

"పుట్టింది!" అని గవరయ్యగారు కేక పెట్టారు.

"ఇది ఉడికిపోయిందండీ," అన్నాడు ప్రొఫెసర్.

"పుట్టాక ఉడికింది. తప్పు వంటది, సైన్సుది కాదు."

ఆఫీసరుగారు చలించిపోయారు. ఒడ్డున జాగా దీవుల్లో పుట్టినవాళ్ళకే ఇవ్వాలని రూలు. రొయ్య అందరి కళ్ళ ముందూ ఇక్కడే పుట్టింది. తవిటమ్మ గుడిసె ఉన్న జాగాని ఆయన స్మారకమందిరం కోసం రొయ్య పేర మంజూరు చేశారు.

"మరి నానో బాబూ?"

"నువ్వు ఓడెక్కి వచ్చావు కదమ్మా," అన్నారు ఆఫీసరుగారు ఎంతో మర్యాదగా.

తవిటమ్మ ఏడుస్తూ గవరయ్యగారి చెయ్యి పట్టుకుంది. "ఆ రొయ్యా ఓడలోనే వొచ్చింది బాబూ! మా అప్ప బీమిలి నించి పంపిన ఎండు రొయ్య. కూరకని నానే ఏసాను."

గవరయ్యగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ధీరే బోల్ దీదీ. మా అమ్మ నన్ను చంకనేసుకుని దిగిందీ వైజాగ్ ఓడే."

అని, డేగిసాకి దండ వెయ్యడానికి వెళ్ళారు. అప్పటికే గుడిసె కప్పు సగం విప్పేశారు.